బిడ్డ వాటా కాదు: విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒకరు విదేశం పోతే ధమ్మం ఏం చెప్తుంది?

  

మన విహారాల్లో పెళ్లి గురించి చాలా మాట్లాడుకుంటాం. అయ్యగారు లేకుండా, ముహూర్తం లేకుండా, కట్నం లేకుండా త్రిశరణ పంచశీలాలతో పెళ్లి ఎట్లా చేసుకోవాలో చెప్పుకుంటాం. ఆ పెళ్లి నిలబడకపోతే ఏం చెయ్యాలన్నది మాత్రం ఎవరం ఎత్తం. ఎత్తితే పరువు పోతదన్నట్టు తల వంచుకుంటాం. ఈలోపల మన పల్లెల్లో, పట్నాల్లో కాలం మారిపోయింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండుల నుంచి పెట్టెలు సర్దుకొని శంషాబాద్ విమానాశ్రయానికి పోయేవాళ్లలో మనవాళ్లు కూడా ఉన్నారు. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధితో అమెరికా, ఇంగ్లండ్ చదువుకు పోతున్న ఎస్సీ పిల్లలున్నారు. ఇండ్లల్లో పనికి కువైట్, మస్కట్ పోయే ఆడబిడ్డలున్నారు. డ్రైవర్లుగా, మేస్త్రీలుగా దుబాయి పోయే మగవాళ్లున్నారు.

ఇట్లా పోయేవాళ్లలో కొందరు భార్యతోనో భర్తతోనో విడిపోయినవాళ్లు. వాళ్లకు పిల్లలుంటారు. ఇప్పుడు ప్రశ్న. ఒకరు సముద్రం దాటితే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలె? పోయేవాళ్లు బిడ్డను తీసుకపోవచ్చా? ఇక్కడ ఉన్నవాళ్లు వద్దనొచ్చా? అసలు బిడ్డను విడిచి పోవడం ధమ్మమేనా?

పంచాయితీలో వినబడే మాట

ఇట్లాంటి తగాదా పెద్దమనుషుల ముందుకు వస్తే మొదట వినబడే మాట ఏంది? "పిలగాడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి." మేకలు పంచినట్టు పంచుతరు. ఇంకొకరు లేచి "మా వంశం, మా రక్తం, మేం ఇయ్యం" అంటరు. మరొకరు "పెండ్లికి పెట్టిన ఖర్చు కట్టి పిల్లను తీసుకపో" అంటరు.

ఈ మాటల మూలం ఎక్కడుందో ఒకసారి చూడండి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఆడది పొలం, మగవాడు విత్తనం, పంట ఎవరిది అనే చర్చ నడుస్తుంది. ఆ చర్చలో బిడ్డ ఒక మనిషి కాదు, పంట. బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టించారు. మనం ప్రతి ఏడాది ఆ రోజును గుర్తు చేసుకుంటాం. కానీ మన ఇంట్లో మొగుడు పెళ్లాలు విడిపోయినప్పుడు, కాలిపోయిన పుస్తకంలోని భాషనే మళ్లీ నోట్లోకి తెచ్చుకుంటున్నాం. "నా కొడుకు" అనే మాటలో ప్రేమ ఎంతుంది, పట్టా ఎంతుంది అని ఎవరికి వాళ్లు అడగాలె.

ధమ్మపదంలో బాలవగ్గం ఈ సంగతే చెప్తుంది. కొడుకులు నావాళ్లు, ఆస్తి నాది అని తల్లడిల్లే మనిషికి తన మీద తనకే పూర్తి పట్టు లేదు, ఇంక కొడుకుల మీద పట్టు ఎక్కడిదని దాని భావం. అనాత్మ సిద్ధాంతాన్ని మనం ధ్యానం దగ్గర, మరణం దగ్గర చెప్పుకుంటాం. దాన్ని చెప్పుకోవాల్సిన అసలు చోటు ఇదే. బిడ్డ మీద హక్కు ఎవరిదని అడిగినంతకాలం గొడవ తెగదు. బిడ్డ పట్ల ఎవరి బాధ్యత ఎంత అని అడిగిన రోజు దారి కనబడుతుంది. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు తల్లిదండ్రులకు ఐదు బాధ్యతలు చెప్పాడు. పిల్లలను చెడు నుంచి తప్పించాలె, మంచిలో నిలపాలె, పని నేర్పాలె, తగిన పెండ్లి చెయ్యాలె, ఆస్తి వేళకు అప్పజెప్పాలె. ఐదూ ఇచ్చేవే. ఒక్కటి కూడా పిల్లల నుంచి తీసుకునేది కాదు. ఆ బాధ్యతలు మొగుడు పెళ్లాలు కలిసున్నంతకాలమే అని కూడా ఆ సుత్తం అనలేదు.

మరి బుద్ధుడు బిడ్డను విడిచి పోలేదా?

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు అడుగుతరు. "మీ బుద్ధుడే పెళ్లాం బిడ్డలను అర్ధరాత్రి వదిలి పోయిండు కదా, మీరా మాకు చెప్పేది?" ఈ ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబు చెప్పాలె.

అర్ధరాత్రి దొంగతనంగా పోయాడనే కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఆయన పోయాక 1957లో అచ్చయిన 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో ఇల్లు విడిచిన కారణం వేరుగా ఉంటుంది. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులకు, కోలియులకు తగాదా వచ్చింది. శాక్య సంఘం యుద్ధం అన్నది. సిద్ధార్థుడు వద్దన్నాడు. ఆ మాట మీద నిలబడినందుకు దేశం విడిచిపోయే శిక్షను తానే ఎంచుకున్నాడు. పోయే ముందు తల్లిదండ్రులకు చెప్పాడు, యశోధరకు చెప్పాడు. యశోధర ఏడ్చి మొత్తుకోలేదు. తాను కూడా వెంట వచ్చేదాన్నేనని, రాహులుణ్ణి చూసుకోవాలి కాబట్టి ఆగుతున్నానని చెప్పింది.

కాలువ నీళ్ల కోసం కొట్లాటలు ఎట్లుంటయో సాగర్ ఎడమ కాలువ కింద బతికే మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ గమనించాల్సింది ఆ పోవడంలో ఉన్న మూడు సంగతులు. పోవడానికి నలుగురి ముందు చెప్పుకోగలిగిన కారణం ఉంది. ముఖం మీద చెప్పి పోయాడు, దాచి పోలేదు. వెనక బిడ్డను ఎవరు చూస్తారన్నది తేల్చుకొని పోయాడు. విదేశం పోయే ఏ తల్లికైనా ఏ తండ్రికైనా ఈ మూడే గీటురాయి.

కథ అక్కడ అయిపోలేదు. బుద్ధుడు కపిలవస్తుకు తిరిగి వచ్చినప్పుడు రాహులుడు వెంటపడి తన వారసత్వం తనకిమ్మని అడిగాడు. ఆ ఘట్టాన్ని మన అమరావతి శిల్పులు రాతిలో చెక్కారు. బుద్ధుడు బిడ్డను సంఘంలో చేర్పించాడు. అది తెలిసి తాత శుద్ధోదనుడు కుమిలిపోయాడు. కొడుకు పోయినప్పుడు ఒక బాధ, ఇప్పుడు మనవడు కూడా పోతే అంతకన్నా బాధ అని వచ్చి చెప్పుకున్నాడు. తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా ఏ బిడ్డకూ దీక్ష ఇవ్వరాదని నియమం పెట్టమన్నాడు. బుద్ధుడు ఆ నియమం పెట్టాడు. వినయ పిటకంలో మహావగ్గంలో ఇది ఉంది.

ఈ నియమం బరువు చూడండి. బిడ్డను తీసుకుపోయింది దుబాయికి కాదు, డాలస్‌కు కాదు, ధమ్మంలోకి. అంతకన్నా మంచి చోటు మనకు తెలియదు. అయినా సరే, ఇంట్లోవాళ్ల సమ్మతి లేకుండా తీసుకుపోవద్దన్నది బుద్ధుడు పెట్టిన కట్టుబాటు. "అక్కడ మంచి స్కూలు ఉంటది, మంచి బతుకు ఉంటది" అని చెప్పి ఇంకొకరికి తెలియకుండా బిడ్డను విమానం ఎక్కించేవాళ్లు ఈ కట్టుబాటు ముందు నిలబడగలరా? మన రెండో శీలం ఇవ్వనిది తీసుకోవద్దంటుంది. అది జేబులో డబ్బుల గురించే అనుకుంటాం. ఒకరి ఒడిలోని బిడ్డను చెప్పకుండా తీసుకపోవడం కన్నా పెద్ద అదిన్నాదానం ఏముంటది? బిడ్డను చూడనీయకుండా దాచిపెట్టడం కూడా అదే శీలాన్ని ఇవతలి వైపు నుంచి తప్పడం.

పోవడమే పాపం కాదు

ఇంకొక మాట కూడా అంతే గట్టిగా చెప్పాలె. విదేశం పోవడం తప్పు కాదు. బాబాసాహెబ్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయినప్పుడు యశ్వంత్ పసిగుడ్డు. మళ్లీ 1920లో లండన్ పోయి 1923లో తిరిగొచ్చారు. ఇక్కడ బొంబాయిలో రమాబాయి తల్లి పేదరికంతో ఇల్లు నడిపింది. పుట్టిన ఐదుగురిలో నలుగురు పిల్లలు పసితనంలోనే పోయారు. వాళ్లిద్దరూ విడిపోయినవాళ్లు కారు, ఒక్క మాట మీద ఉన్నవాళ్లు. అయినా ఆ దూరం ఖర్చు ఇంట్లో ఉన్న మనిషి మోసింది. ఆ సంగతి బాబాసాహెబ్‌కు తెలుసు కాబట్టే తర్వాత తన పాకిస్తాన్ పుస్తకాన్ని ఆమెకు అంకితమిచ్చారు. పోయినవాళ్లు సంపాదించిన దాంట్లో ఉన్నవాళ్ల మోత కూడా ఉందని ఒప్పుకోవడం ధమ్మం. విడిపోయినా ఆ లెక్క మాఫీ కాదు.

ఇక్కడ మన వంకర చూపు ఒకటుంది. మొగోడు పోతే "పిల్లల కోసం కష్టపడుతుండు" అంటాం. ఆడామె పోతే "పిల్లలను ఇడిచిపెట్టి పోయింది" అంటాం. మొగుడు తాగి కొట్టి వదిలేస్తే, అప్పు తీర్చడానికి, పిల్లల ఫీజు కట్టడానికి కువైట్ పోయిన తల్లికి కూడా ఇదే మాట. ఒకే పనికి రెండు తూకాలు వేసేది మనువు. ధమ్మం చేతన చూడమంటది, ఏ ఉద్దేశంతో పోతున్నరో చూడమంటది. తూకం ఇద్దరికీ ఒక్కటే.

చట్టం ఏమంటుంది?

మనం బౌద్ధం తీసుకున్నా ఈ విషయంలో వర్తించేది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టమే. బౌద్ధులను కూడా అందులో కలిపారు. ఆ కలపడం మీద మనకు వేరే పోరాటం ఉంది, అది వేరే వ్యాసం. ఇప్పటికైతే ఆ చట్టంలో మనకు పనికొచ్చేవి తెలుసుకోవాలె. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలె. ఎవరికి అప్పజెప్పాలన్నా బిడ్డ మేలే అన్నిటికన్నా ముందు. తండ్రే మొదటి సంరక్షకుడు, అతని తర్వాత తల్లి అని రాసి ఉన్న చోట, "తర్వాత" అంటే చనిపోయాక అని కాదు, తండ్రి లేనప్పుడు అని చదువుకోవాలని 1999లో రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే తండ్రి దూర దేశంలో ఉండి బిడ్డను పట్టించుకోకపోతే తల్లి సంతకం చెల్లదని ఏ ఆఫీసులోనూ తిప్పిపంపే పని లేదు.

పిల్లలను దేశం దాటించిన కేసులో తీర్పులు ఒకే రకంగా రాలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నా అది ఒక అంశం మాత్రమే, బిడ్డ మేలు ముందు అని 2017లో సుప్రీంకోర్టు అన్నది. 2019లో మన హైదరాబాద్ నుంచి పోయిన కేసు చూడండి. అమెరికాలో పుట్టి పెరుగుతున్న ఇద్దరు పిల్లలను తల్లి హైదరాబాద్ తెచ్చి ఇక్కడి ఫ్యామిలీ కోర్టుకు వచ్చింది. ఆ పిల్లలు మామూలుగా నివసించే చోటు హైదరాబాద్ కాదని, వాళ్లను అమెరికా పంపాలని తేలింది. 2020లో ఇంకో కేసులో కెన్యాలో ఉండే తండ్రికి బిడ్డను అప్పజెప్తూ, అక్కడి కోర్టులో కూడా ఇక్కడి ఉత్తర్వు నమోదు చేయించాలని షరతు పెట్టింది. అతను కోర్టును నమ్మించి మోసం చేశాడని తేలాక 2021లో ఆ తీర్పునే వెనక్కి తీసుకుంది. కోర్టు కాగితం ఎంత గట్టిదైనా, దాని వెనక మనిషి మాట గట్టిది కాకపోతే బిడ్డ సముద్రానికి అవతలే ఉండిపోతుంది. పిల్లల అపహరణ మీద 1980లో జరిగిన హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు కూడా. నాలుగో శీలం, అబద్ధం ఆడవద్దన్న శీలం, ఇక్కడ ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

2020 జనవరిలో వచ్చిన ఇంకో తీర్పును ప్రతి విహారం గోడకు అంటించుకోవచ్చు. బిడ్డకు తల్లి ప్రేమా తండ్రి ప్రేమా రెండూ కావాలన్నది సుప్రీంకోర్టు. తల్లిదండ్రులు వేరే రాష్ట్రాల్లో, వేరే దేశాల్లో ఉంటే చూడ్డానికి రావడం కుదరదు కాబట్టి, ప్రత్యేక కారణం ఉంటే తప్ప, బిడ్డ దగ్గర లేనివాళ్లకు రోజుకు 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని చెప్పింది. వీడియో కాల్ మాటను కూడా ఎత్తింది.

టికెట్ కొనకముందే తేల్చుకోవాల్సినవి

కోదాడలో ఒక జంట విడిపోయారనుకుందాం. ఎనిమిదేళ్ల పిల్ల తల్లి దగ్గర ఉంది. తండ్రికి అమెరికాలో పని దొరికింది. లేదా తల్లికే కువైట్ వీసా వచ్చింది, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటది. ఏదైనా సరే, ఈ కిందివి ముందే మాట్లాడుకోవాలె.

మొదటిది ఫోన్ వేళ. కోదాడలో పొద్దున ఏడు గంటలైతే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. అదే సమయానికి కువైట్‌లో తెల్లవారుజాము నాలుగున్నర. అమెరికా ఫోనైతే పొద్దున బడికి ముందు, కువైట్ ఫోనైతే సాయంత్రం కుదురుతుంది. తీరిక దొరికినప్పుడు చేస్తా అంటే, బిడ్డ రోజంతా ఫోన్ దిక్కే చూస్తది. వేళ పెట్టుకొని ఆ వేళకు చెయ్యాలె.

రెండోది పైసలు. నెలకు ఎంత, ఏ తారీకున, ఎవరి ఖాతాలో అన్నది రాసుకోవాలె. ఫోన్‌కూ పైసలకూ ముడి పెట్టొద్దు. "పైసలు పంపలే, ఫోన్ ఇయ్య" అని ఇక్కడివాళ్లు, "ఫోన్ ఇయ్యలే, పైసలు పంప" అని అక్కడివాళ్లు అంటే మధ్యలో నలిగేది బిడ్డ. రెండూ బిడ్డకు రావాల్సినవే, ఒకదానికి ఒకటి బదులు కాదు.

మూడోది ఇక్కడ చూసుకునే మనిషి. బిడ్డ అమ్మమ్మ దగ్గరనో నాయనమ్మ దగ్గరనో ఉంటే, ఆ ముసలామెకు చేతనవుతదా అని ఆమెనే అడగాలె. దవాఖానలో ఎవరు సంతకం పెడతరు? బడిలో ఎవరిని పిలుస్తరు? రెండోవైపు తాత, నాయనమ్మలు ఎప్పుడు వచ్చి చూడొచ్చు? శుద్ధోదనుడి బాధ గుర్తుంటే ఈ చివరి ప్రశ్న మరిచిపోం.

నాలుగోది పాస్‌పోర్టు, ప్రయాణం. మైనరు పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరి సమ్మతి అడుగుతరు. ఒకరి సమ్మతి లేకపోతే ఎందుకు లేదో నిజం రాసివ్వాలె. బిడ్డను సెలవులకు అక్కడికి పంపితే ఏ తారీకున తిరిగి వస్తదో కాగితం మీద ఉండాలె.

ఐదోది బిడ్డ మాట. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా తెలివి వచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు చూడొచ్చని చెప్తుంది. అడగండి, కానీ "అమ్మ కావాల్నా, నాయిన కావాల్నా" అని అడగొద్దు. అది బిడ్డ మెడ మీద కత్తి పెట్టి అడిగినట్టు. "నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడగండి.

ఇవన్నీ రాసుకొని కోర్టులో రాజీగా నమోదు చేయించుకుంటే బలం ఉంటది. ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తరు. కోర్టులోని న్యాయసేవా కార్యాలయంలో అడగొచ్చు, 15100కు ఫోన్ చెయ్యొచ్చు.

ఒక హెచ్చరిక. కొట్టినవాడికి, బిడ్డను పాడుచేసినవాడికి ఈ మాటలు వర్తించవు. మైత్రి అంటే బిడ్డను మళ్లీ దెబ్బల కిందికి పంపడం కాదు. అక్కడ బిడ్డ రక్షణే మొదటిది, కోర్టు ఎదుట నిజం చెప్పడమే దారి. కాకపోతే, కోపంతో లేని దెబ్బలు ఉన్నట్టు చెప్పేవాళ్లు నిజంగా దెబ్బలు తిన్న తల్లుల నోరు కూడా నొక్కుతున్నరని తెలుసుకోవాలె.

బిడ్డకు ఏం చెప్పాలె?

ఇది అన్నిటికన్నా కష్టం. "నాయిన ఏడీ?" అని అడిగితే "సచ్చిండు" అనేవాళ్లున్నరు. "అమ్మ రేపొస్తది" అని రెండేళ్లు చెప్పేవాళ్లున్నరు. ఒకటి కసితో చెప్పే అబద్ధం, ఇంకొకటి జాలితో చెప్పే అబద్ధం. బిడ్డకు రెండూ ఒక్కటే. నిజం తెలిసిన రోజు చెప్పినవాళ్ల మీద నమ్మకం పోతది.

బుద్ధుడు రాహులుడికి చేసిన బోధ ఈ అబద్ధం గురించే. మజ్ఝిమ నికాయంలో ఉంది. నవ్వులాటకు కూడా అబద్ధం ఆడవద్దన్నాడు. అద్దంలో ముఖం చూసుకున్నట్టు ప్రతి పనినీ చూసుకొమ్మన్నాడు. చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసినాక, ఇది నాకు గానీ ఇంకొకరికి గానీ హాని చేస్తదా అని చూసుకోవాలె. తండ్రి దూరంగా పోగా పెరిగిన బిడ్డకు ఆ తండ్రే చెప్పిన మాట ఇది. విడిపోయిన తల్లిదండ్రులు ఈ అద్దాన్ని తమ ముందు పెట్టుకోవాలె. వీసాకు దరఖాస్తు పెట్టే ముందు చూడాలె. ఫోన్‌లో మాట్లాడుతూ ఇంకొకరిని తిట్టబోయేటప్పుడు చూడాలె. ఏడాది గడిచినాక బిడ్డ ఎట్లుందో చూసి, కుదరకపోతే ఏర్పాటు మార్చుకోవాలె. ఒకసారి రాసుకున్నాం కదా అని మొండికేయడం కూడా పట్టుదలే, ఉపాదానమే.

ఎంత బాగా రాసుకున్నా అందరికీ సుఖమిచ్చే ఏర్పాటు ఉండదు. దుఃఖం ఉంది అన్నది మన మొదటి సత్యం. ఆ దుఃఖంలో పెద్ద వాటా ఎవరు మోయాలె? విడిపోవాలని అనుకున్నది పెద్దలు, పోవాలని అనుకున్నది పెద్దలు. బిడ్డ ఏదీ అనుకోలేదు. కాబట్టి పెద్ద మూట పెద్దలే ఎత్తుకోవాలె. కొన్నిసార్లు ఉన్నవాళ్లు మనసు గట్టి చేసుకొని బిడ్డను పంపాల్సి వస్తది. కొన్నిసార్లు పోవాలనుకున్నవాళ్లు రెండేళ్లు ఆగాల్సి వస్తది. పసిబిడ్డను చూసేవాళ్లు ఎవరూ లేనప్పుడు, ఆకలి తరమనప్పుడు, ఆగడమే ధమ్మం. ఆగినంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు. యశోధర ఆగింది. ఆమె ఓడిందని ఎవరన్నరు?

చివరిగా మన సంఘాలకు ఒక మాట. సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి ఉంది. ఒకప్పుడు అక్కడ విహారం ఉండేది, భిక్ఖువులు ఉండేవాళ్లు, బాధ ఉన్న మనిషి గుట్ట ఎక్కి పోయి చెప్పుకునేవాడు. ఇప్పుడు మనకున్నది వాడలో ఒక గది, ఒక బుద్ధుడి బొమ్మ, ఒక బాబాసాహెబ్ పటం. చాలు. పౌర్ణమి వందనం అయినాక, విడిపోయిన ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఎవరిది తప్పు" అని అడగకుండా "బిడ్డకు ఏం కావాలె" అని అడిగే ఒక ఉపాసకుడు, ఒక ఉపాసిక ప్రతి విహారంలో ఉండాలె. మన బిడ్డల్లో ఏ ఒక్కరూ తమ వల్లనే ఇల్లు విరిగిందని అనుకోకుండా పెరగాలె. ఆ పని మనమే మొదలుపెట్టాలె.

సబ్బే సత్తా సుఖితా హోంతు.

జై భీమ్! నమో బుద్ధాయ!